గడప దాటిన కోటు

మా ఆయన ముప్పయ్యేళ్లు సైనికాధికారులకు కోట్లు కుట్టారు. అందుకు సైన్యం వారి అనుమతి కాగితం ఉండాలి. పటం కట్టించి షాపు గోడకు తగిలించుకున్నాం. అది పోతే మా మిషను మూలపడినట్టే. దాని పక్కనే ఆయన చేత్తో రాసి అంటించిన కాగితం ఇంకొకటి: చూసేవాళ్లు తమను సైనికులనుకోవాలని బయటివాళ్లు ఈ దుస్తులు వేసుకుంటే నేరం. ఫొటో దిగి ఇచ్చేస్తానన్నా మా తమ్ముడికి టోపీ కూడా ఇవ్వలేదు. వాడు నాతో మూడు నెలలు మాట్లాడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంత చాదస్తపు మనిషీ, కోట్లు తొడిగి చూసే బొమ్మ షాపులో ఉన్నా, ప్రతి కోటూ ముందు తానే తొడుక్కునేవారు. "బొమ్మ ఊపిరి పీల్చదు కదే. బొత్తాలు పెట్టాక గట్టిగా ఊపిరి పీలిస్తేనే కుట్టు సంగతి తెలిసేది" అనేవారు. కూర్చునేవారు, లేచేవారు, చేతులెత్తేవారు. కోటు ఒంటి మీద ఉండగా గడప మాత్రం దాటేవారు కాదు. ఓసారి వాన మొదలై ఆరేసిన బట్టలు తడుస్తుంటే, గడప లోపలే నిలబడి నన్ను కేకేశారు. పొయ్యి మీది గిన్నె వదిలేసి, తిట్టుకుంటూ పరిగెత్తాను.

ఆ రోజు ఉదయం ఒక మేజరు గారి కోటు వేసుకుని చూస్తున్నారు. కోటు ఎడమ చెయ్యి ఇంకా తెల్లదారంతో తాత్కాలికంగా వేసిన కచ్చాకుట్టు మీదే ఉంది. నేను పక్కన కాజాలు కుడుతున్నాను. ఎదురు షాపులో గడియారాలు బాగుచేసే తాతగారు కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయారు. నేను లేచేలోగా ఈయన గడప దాటేశారు.

తాతగారిని భుజాన వేసుకుని నడిరోడ్డు మీద చెయ్యెత్తారు. కిక్కిరిసిన బస్సు కీచుమని ఆగింది. డ్రైవరు సెల్యూట్ కొట్టాడు. ముందు సీట్లవాళ్లు లేచి చోటిచ్చారు. "ఆసుపత్రికి పోనివ్వు" అన్నారు మా ఆయన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. సూది చేతిలో పట్టుకుని కొయ్యబారిపోయాను.

ఆసుపత్రిలోనూ అందరూ దారిచ్చారట. తాతగారు బతికారు. అక్కడున్న పోలీసు మర్యాదగా గుర్తింపు కార్డు అడిగితే, "నేను టైలర్ని" అన్నారట ఈయన.

నేను స్టేషనుకు చేరేసరికి కోటు బల్ల మీద ఉంది. ఈయన బనియనుతో బెంచీ మీద కూర్చున్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషిని నలుగురిలో అలా చూడలేదు.

"సార్, ఈ కచ్చాకుట్టు చూడండి. మోసం చేసేవాడు సగం కుట్టిన చేతితో బయటికొస్తాడా?" అన్నాను.

ఇన్‌స్పెక్టరు దారం పట్టుకు చూశారు. మంచివాడే. "నిజమేనమ్మా" అని కలం తీశారు. "మాస్టారూ, ఒక్క ముక్క రాసుకుంటాను, ఇంటికెళ్లిపోండి. జనం మిమ్మల్ని ఆఫీసరనుకోవాలని మీకు లేదు. అంతేగా?"

అంతే అంటే చాలు. తలూపినా చాలు. నేను మోచేత్తో పొడిచాను.

"గడప దాటేటప్పుడు లేదు సార్" అన్నారు. "చెయ్యెత్తాక మాత్రం, బస్సు కోటును చూసే ఆగిందని తెలుసు. డ్రైవరు సెల్యూట్ కొడితే కాదనలేదు. నిజం చెప్తే దించేస్తాడేమోనని భయం. వాళ్లు అలా అనుకోవాలనే కోరుకున్నాను."

ఇన్‌స్పెక్టరు కలం ఆగిపోయింది. "ఏమంటున్నారో తెలుస్తోందా మీకు?"

"తెలుసు సార్. ఆ రూలు మా గోడ మీద రాసింది నేనే."

ఒక్క అబద్ధం, అదీ పోలీసే నోటికి అందించిన అబద్ధం! ఇప్పటికీ తలుచుకుంటే నాకు కోపం ఆగదు.

కోర్టు మందలించి వదిలేసింది. సైన్యం వదల్లేదు. అనుమతి కాగితం తీసుకుపోవడానికి మనుషులు వచ్చిన రోజున, కేసు నుంచి తిరిగొచ్చిన ఆ కోటుకే ఈయన పక్కాకుట్టు వేస్తున్నారు. "ఒక్క నిమిషం, అయిపోయింది" అన్నారు వాళ్లతో. దారం తెంపి, లేచి, అలవాటు చొప్పున కోటు చేతిలో తన చెయ్యి దూర్చబోయి ఆగిపోయారు. గోడ మీది తన రాత వంక చూశారు. కోటు తీసుకెళ్లి బొమ్మకు తొడిగి, బొత్తాలన్నీ పెట్టి, దాని ముందు చాలాసేపు నిలబడ్డారు.