నాయన రెండు చేతులు

తిరుపతి ఆస్పత్రిలో డాక్టరమ్మ మా నాయనను తెర మధ్యలోని చుక్కనే చూస్తుండమంది. చుక్కకు ఎడమ పక్కన ఒక బొమ్మ మెరిసి మాయమైంది. ఏం కనిపించిందని అడిగితే, "ఏమీ లేదు" అన్నాడు. గుడ్డ కింద నాలుగు వస్తువులు పెట్టి, ఎడమ చేత్తో తడిమి ఒకటి తీయమంది. నాయన చెంచా తీశాడు. తెర మీద మెరిసిందీ చెంచానే.

"సూసి కూడా సూడలేదంటాడు. ఈ మనిషి మొండితనం యాడికి పోతాది?" అని అమ్మ గొణిగింది.

డాక్టరమ్మ నవ్వలేదు. ఎడమ పక్క కనిపించేది మెదడులో కుడి సగానికి చేరుతుందట. మాట్లాడేదేమో ఎడమ సగం. రెండింటి నడుమ కబుర్లు మోసే నరాల వంతెన పక్షవాతంతో దెబ్బతింది. ఒక సగం చూసింది రెండో సగానికి అందడం లేదు. బండి మాత్రం తోలొద్దని గట్టిగా చెప్పింది.

పక్షవాతమంటే కాలో చెయ్యో పడిపోవాలని మావాళ్ల లెక్క. నాయన కాళ్లూ చేతులూ నిక్షేపంగా ఉన్నాయి. పాకాల దగ్గర మా తోటలో మామిడి కోతకొచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీలో ధర పూటకొక తీరుగా ఉంది. కాయల ట్రాక్టరు ఫ్యాక్టరీకి నేనే తోలతానని నాయన పట్టుబట్టాడు. వద్దని అరిచాను, పోట్లాడాను. ఎవరూ వినలేదు.

"నువ్వు ఎడం పక్క మడ్‌గార్డు మీద కూసో. ఆ పక్క ఏమొచ్చినా నోటితో చెప్పు. సరిపోలా?" అంది అమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆయన్ను ఒంటరిగా పంపలేక ఎక్కి కూర్చున్నాను.

దారి పొడుగునా చెబుతూనే ఉన్నాను. "ఆటో, నాయనా." "ఆవు, నాయనా." ప్రతిసారీ "తెలుసులే" అనేవాడు. ఆయనకు తెలియదని నాకు తెలుసు. చెమటతో నా చేతులు ఇనుప కడ్డీ మీద జారుతున్నాయి.

పూతలపట్టు ఇంకా కొంచెం దూరం ఉందనగా, ఎడమ వైపు సందులోంచి మొపెడ్ ఒకటి ఉన్నట్టుండి రోడ్డెక్కింది. వెనక కూర్చున్న ఆడమనిషి ఒళ్లో చంటిబిడ్డ. నేను నోరు తెరిచేలోపే నాయన ఎడమ చెయ్యి స్టీరింగును కుడికి తిప్పేసింది. ఎదురుగా బస్సు వస్తోంది. కుడి చెయ్యి దాన్ని వెనక్కి లాగింది. ఎడమ చెయ్యి వదల్లేదు. ఒక మనిషి రెండు చేతులూ ఒకే చక్రం కోసం పెనుగులాడుతున్నాయి. వెనక ట్రాలీ ఊగిపోతోంది.

"స్టీరింగు ఇడ్సమ్మా!" అని నాయన నా మీద అరిచాడు.

నేను స్టీరింగు ముట్టుకోనేలేదు. నా రెండు చేతులూ కడ్డీ మీదే ఉన్నాయి.

ఎట్లాగో బ్రేకు తొక్కాడు. బస్సు హారన్ మోగించుకుంటూ మమ్మల్ని రాసుకున్నట్టే పోయింది. మామిడికాయలు కొన్ని రోడ్డు మీద దొర్లాయి.

"ఎందుకు పట్టుకున్నావు? సంపేద్దామనా?" అన్నాడు.

"నేను కాదు నాయనా. నీ చెయ్యే."

"ఆ పక్క ఏమీ లేదు గదా."

"తల తిప్పి సూడు."

తిప్పాడు. మొపెడ్ మట్టిలో ఆగిపోయి ఉంది. ఆ తల్లి బిడ్డను గుండెకు అదుముకుని మమ్మల్ని తిడుతోంది. నాయన చాలాసేపు ఆ బిడ్డనే చూశాడు. తర్వాత స్టీరింగు మీద ఇంకా బిగుసుకునే ఉన్న తన ఎడమ చేతిని చూసుకున్నాడు.

ఇంజను ఆపి దిగి, పోయి ట్రాలీలో కాయల పక్కన కూర్చున్నాడు. "తోలేవాణ్ణి ఎవుర్నన్నా రమ్మని ఫోన్ చెయ్యమ్మా" అన్నాడు. ఆ మనిషి వచ్చేదాకా తన ఎడమ చేతిని కుడి చేత్తో గట్టిగా పట్టుకునే కూర్చున్నాడు.