ఐదు వికెట్లు పడ్డాక

ఆ శనివారం మన క్రికెట్ జట్టు ఫైనల్ ఇంగ్లండ్‌లో. మెల్‌బోర్న్‌లో మాకు రాత్రి భోజనాల వేళకు మొదలై తెల్లవారుజామున ముగుస్తుంది. క్లేటన్‌లోని మా అద్దె యూనిట్‌లో కేబుల్ కనెక్షన్ ఉంది. పెట్టించమని పోరింది నేనే. నేనూ మా ఆయనా ఇద్దరం ప్రోగ్రామర్లం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తప్పుతాయన్న వైటూకే గండం తప్పించడానికి పిలిపించిన మందలో వచ్చి, గండం గడిచాక కూడా ఇక్కడే మిగిలిపోయాం. ఇంట్లో కేబుల్ లేని ఆయన స్నేహితులు ముగ్గురు, మ్యాచ్ పేరు చెప్పి మా హాల్లో చేరారు.

విజయవాడలో మా తమ్ముడికి బ్యాటు పట్టడం నేర్పింది నేను. మా ఆయనతో కలిపి ఆ నలుగురికీ ఫీల్డింగ్ స్థానాల పేర్లు కూడా సరిగ్గా రావు. అయినా సోఫా వాళ్లది, వంటిల్లు నాది. అవతలివాళ్ల బ్యాటింగ్ అంతా పకోడీలు వేస్తూ, హాల్లో అరుపుల్ని బట్టి స్కోరు ఊహించుకున్నాను.

మన బ్యాటింగ్‌కి కాసేపు కూర్చోగలిగాను. బాగానే మొదలుపెట్టి, ఒకరి వెనక ఒకరు అవుటయ్యారు. ఐదో వికెట్ పడగానే మా ఆయన, "టీ పెట్టవోయ్, నిద్రొస్తోంది" అన్నాడు. ట్రేతో తిరిగొచ్చేసరికి తెర మీద ఏదో తెలుగు సినిమా. సీడీ పెట్టేశారు.

"మ్యాచ్ ఏది?"

"అయిపోయింది వదినా. ఐదు పడ్డాక ఇంకేం చూస్తాం?" అన్నాడు వచ్చినవాళ్లలో ఒకడు.

"అయిపోలేదు. క్రీజులో ఉన్న కుర్రాళ్లిద్దరూ ఆడగలరు. పెట్టండి."

మా ఆయన రిమోట్ తొడ కింద దాచుకుని నవ్వాడు. "నీకు తెలీదులే. వెళ్లి పడుకో."

మిగతా ముగ్గురూ నవ్వారు. ట్రే అక్కడే పెట్టి, గదిలోకెళ్లి తలుపేసుకున్నాను. రిమోట్ లాక్కోవాల్సింది. పరాయివాళ్ల ముందు గొడవెందుకని ఊరుకున్నాను. ఆ మర్యాదకు ఇవాళ్టికీ నన్ను నేను క్షమించుకోలేదు.

పొద్దున్నే తమ్ముడి ఫోన్. గొంతు బొంగురుపోయింది.

"అక్కా, చూశావా? ఆ ఇద్దరు పిల్లలూ నిలబెట్టేశారు! లాస్ట్ ఓవర్లో కొట్టేశామక్కా!"

ఒక్కో ఓవరూ వర్ణించి చెప్పాడు. కార్పెట్ మీద నోళ్లు తెరుచుకుని నిద్రపోతున్న నలుగురినీ చూస్తూ విన్నాను.

"ఏంటక్కా, మాట్లాడవేం?"

"నేను చూడలేదురా."

"నువ్వా?" అన్నాడు.

వాళ్లను లేపలేదు, టిఫినూ చేయలేదు. మా ఆయన లేచి, సంగతి విని, "అరె, మిస్సయ్యామే!" అని తల గోక్కున్నాడు. మిస్సయ్యామట. సాయంత్రం హైలైట్స్ వస్తుంటే పిలిచాడు. వెళ్లలేదు.

కొన్ని నెలలకు, ఎండాకాలంలో, తెలిసినవాళ్లింట్లో బార్బీ, అంటే పెరట్లో పొయ్యి పెట్టి మాంసం కాల్చుకు తినే విందు. బీరు సీసా పట్టుకుని మా ఆయన చెబుతున్నాడు: "నాలుగింటిదాకా కళ్లార్పకుండా చూశాం. ఆ కుర్రాళ్లు ఆడతారని నేను ముందే అన్నాను."

"సినిమా చూస్తూ నిద్రపోయారు మీరు," అన్నాను, అందరికీ వినబడేలా. "ఆడతారన్నది నేను."

ఎవరో సాసేజులు మాడుతున్నాయన్నారు.

కారులో ఇంటికొస్తుంటే, "అంతమందిలో నా పరువు తీయాలా?" అని అడిగాడు.

"మళ్లీ చెప్పండి, మళ్లీ తీస్తాను."

ఆ కథ ఇంకెప్పుడూ నా ఎదుట చెప్పలేదు. నా వెనక చెబుతూనే ఉన్నాడని విన్నాను.