మోకాళ్లు ఎరగని మేస్త్రి

మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజులు. కొత్త రాష్ట్రం వచ్చింది, ఊరూరా బళ్లు పెట్టారు, బడికి పోయే పిల్లలందరికీ పలకలు కావాలి. ఆ పలకలకు రాయి తీసే గనిలో నేను మేస్త్రిని. పేరు అంకయ్య. ఏ రాయైనా సరే, నేను ఉలి పెడితే చెప్పిన మాట వినేది. కనీసం నేను అలా అనుకునేవాణ్ణి.

ఇంత పనిమంతుడికి దేవుడితో పనేముంటుంది? అలాగని దేవుడు లేడన్నవాణ్ణి కాదు. అయ్యో, అంత మాటా! తర్లుపాడు దారిలో ఉన్న మా పల్లెలో సంఘపెద్దను నేనే. ఆదివారం ప్రార్థన నడిపించేదీ నేనే. అందరూ మోకాళ్ల మీద ఉంటే నేను ముందు నిలబడి, కళ్లు తెరిచి, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని చూసుకుంటూ ప్రార్థించేవాణ్ణి. గనిలో హాజరు వేసుకునే పద్ధతే అది. ఆ వారం నేను చేసిన పనులన్నీ చెప్పి, వాటికి దేవుడికి వందనాలు చెప్పేవాణ్ణి. ఆయనకూ కబురు తెలియాలి కదా. అడగడం మాత్రం ఎన్నడూ లేదు. అడగడానికి నాకేం తక్కువ?

అప్పటికి మాకు మందిరం లేదు. చెంచమ్మ అవ్వ ఇంటి ముందు పందిట్లో కూడుకునేవాళ్లం. సంఘంలో అందరికంటే పెద్దది ఆవిడే. ఆవిడకు ఒకటే ఆశ.

"కళ్లు మూసేలోపల నాలుగు గోడల మధ్య మోకాళ్లేసుకోని ప్రార్థన చేసుకోవాల అబ్బయా" అనేది.

"నేను లేనా అవ్వా?" అన్నాను. నేను ఉన్నానని చెప్పానే గాని, దేవుడున్నాడని చెప్పాలని తోచలేదు.

పని మొదలైంది. పునాదిలో మొదటి రాయి వేసేటప్పుడు మా ఇంటిది ఎలీషబా చేతులు జోడించుకుని వచ్చింది.

"ఏందయ్యా, ప్రార్థన చేసి మొదలుపెట్టొద్దా?"

"సున్నం బిగుసుకపోతది. మీరు చేసుకోండి, నేను రాయి పెడతాంటా."

"దేవుని ఇల్లు గదా. ఆయన్నొక మాట అడగవా?"

"కట్టేది నేను. ఆయన్నేమడగాల?"

గోడలు లేచాయి, కప్పు పడింది. ఇక నేల. అక్కడే నా తెలివంతా చూపించాను. గనిలోకి దిగే బాటకు మేము రాతి ముక్కల్ని నిలువుగా, అంచులు పైకి వచ్చేట్టు దిగ్గొట్టి పరుస్తాం. బరువుతో నడిచేవాడి కాలు జారదు. అదే పని మందిరంలోనూ చేశాను. వానకాలంలో తడికాళ్లతో వచ్చినా ఎవరూ జారిపడరు. సున్నం పోసి గట్టిగా బిగించాను. ముందు నిలబడి చూసుకుంటే చేప పొలుసుల్లాగా మెరిసింది. నా నేలకు నేనే దిష్టి తీయాలనిపించింది.

ప్రతిష్ఠ రోజు మార్కాపురం నుంచి పాస్టరు అయ్యగారు సైకిలు మీద వచ్చారు. పాట అయింది, వాక్యం అయింది. "మోకరిద్దాం" అన్నారు.

అందరికంటే ముందు చెంచమ్మ అవ్వ మోకరించింది.

"అమ్మో, సచ్చిపోతి!"

వెనకాలే ఆడవాళ్లంతా ఒకసారి దిగారు, ఒకసారి ఎగిరారు. అయ్యగారు ఓర్చుకుందామని చూశారు గాని, ఆయన ముఖం కూడా వంకరపోయింది. ఎవరో గోనెసంచులు తెచ్చి పరిచారు. అంచులు సంచుల్లోంచి కూడా గుచ్చాయి.

గనిలో నాతో పనిచేసే ఎర్రయ్య మోకాలు తుడుచుకుంటూ అడిగాడు. "అన్నా, బండలు పరచమంటే రంపం పరిచినావేందన్నా?"

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు.

"అబ్బయా, ఇది పరిచినాక ఒక్కసారన్నా దీని మీద మోకాళ్లేసినావా?"

"నేను పెద్దను గదవ్వా. నిలబడి నడిపియ్యాల."

"ఎవుర్ని? దేవుణ్ణా?"

అవ్వ కట్టె పట్టుకుని పాత పందిట్లోకి నడిచింది. "నా ఆశ ఈ గుడిలో తీరేది కాదులే" అంది. వెనకే అందరూ పోయారు, అయ్యగారితో సహా. కొత్త మందిరంలో నేనొక్కణ్ణే మిగిలాను. కాలు జారకుండా నిలబడ్డాను, అదొక్కటే సంతోషం.

మర్నాడు గనికి పోకుండా గడ్డపార తీసుకుని మందిరానికి వెళ్లాను. ఆ నేల తవ్వి, చదును పలకలు పడుకోబెట్టి పరవాలి. ఎర్రయ్య వస్తానంటే వద్దన్నాను. నేను చెడగొట్టింది నేనే బాగు చేసుకుంటాను, ఎవరి సాయమూ అక్కర్లేదు అని పౌరుషం. నిలబడి పొడిస్తే ముక్క కదల్లేదు. వంగి పొడిచాను, కదల్లేదు. నేను బిగించిన సున్నం కదా, నా మాట కూడా వినలేదు. చివరికి సుత్తి, ఉలి తీసుకుని మోకాళ్ల మీద దిగాల్సి వచ్చింది. ఆ అంచులు ఎంత పదునో అప్పుడు తెలిసింది. పొద్దెక్కేసరికి మోకాళ్లు చీరుకుపోయాయి, పీకింది మాత్రం ఒక చాపంత మేర. ఇట్లయితే అవ్వ బతికుండగా ఈ నేల అవుతుందా అని భయం పట్టుకుంది. సుత్తి పక్కన పడేశాను.

"ప్రభువా, నాకు చాతకాలా. ఎవురినన్నా పంపియ్యి."

వందనాలు లేవు, వరసలు లేవు. అంతే వచ్చింది.

"వస్తాండా" అంది వెనక నుంచి ఎలీషబా.

"ఎప్పుడొచ్చినావే?"

"పొద్దుననంగా వచ్చి వాకిట్లో నిలబడినా. పిలుస్తావేమోనని."

నా మొదటి ప్రార్థనకు దేవుడు ఇంత త్వరగా జవాబిచ్చాడని చెప్పుకుందామనుకుంటే, ఆ జవాబు నాకంటే ముందే వచ్చి ఎండలో నిలబడి ఉంది. ఆమె వెళ్లి ఎర్రయ్యను పిలిచింది. సాయంత్రానికి సంఘమంతా వచ్చింది. పాత ముక్కలు పీకేవాళ్లు పీకారు, పలకలు మోసేవాళ్లు మోశారు. చెంచమ్మ అవ్వ ప్రతి పలక మీదా మోకాలు ఆనించి చూసింది. "ఇది ఒప్పుకోను, తియ్యి" అంటే తీశాను. గనిలో నా మీద అంత అధికారం చేసినవాడు లేడు.

ఆ వచ్చే ఆదివారం అవ్వే ప్రార్థన చేసింది. నేను వెనక వరసలో మోకరించి, కళ్లు మూసుకున్నాను. ఎవరొచ్చారో, ఎవరు రాలేదో ఏమీ తెలియలేదు. అవ్వ పల్లెలోని గొడ్డూ గోదాతో సహా ఒక్కరిని వదలకుండా అందరి కోసం అడిగింది. నా కోసం కొంచెం ఎక్కువసేపే అడిగింది. ఆమేన్ అయ్యాక అందరూ లేచారు.

"లే అబ్బయా, అయిపోయింది" అంది అవ్వ.

"లేవలేకుండా ఉండా అవ్వా. కాళ్లు తిమ్మిరెక్కినాయి."

"అయితే ఇంకొంచేపు చేసుకో."