గోడకు ఆనించిన పెట్టె

గార్డు సారు చిత్తూరులో వాళ్ళ చెల్లెలి ఇంట్లో పోయారని పోయిన నెల ఒక పొద్దున పాలామె చెప్పింది. గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. వైద్యానికని ఆయన వెళ్ళినప్పటి నుంచి మా మధ్యగోడ మూగగానే ఉంది. ఇక ఎప్పటికీ ఇంతేనని తెలిసింది ఆ పొద్దునే.

తిరుపతిలో మేముండేది రెండు వాటాలుగా అద్దెకిచ్చిన ఇల్లు. ఒక వాటాలో నేను, ఆడపిల్లల బడిలో టీచర్ని, ఒంటరిదాన్ని. రెండోదాంట్లో రైల్వేలో గార్డుగా రిటైరైన ఆయన, భార్య పోయిన మనిషి. ఇట్లాంటి ఇద్దరు ఒకరి గడప ఒకరు తొక్కితే వీధి ఊరుకుంటుందా? అందుకని ఇన్నేళ్ళలో ఆయన గది నేను చూడలేదు, నా గది ఆయన చూడలేదు. మాటలన్నీ వాకిట్లోనే, చెట్లకు నీళ్ళు పోసేటప్పుడు.

ఆయనకున్న పిచ్చి ఒకటే, రికార్డు ప్లేయరు. అందులో బేసు, అంటే పాట అడుగున ఉండే మద్దెల మోత, సరిగా రావడం లేదని ఆయన పడ్డ బాధ అంతా ఇంతా కాదు. ప్లేయరు అదరకుండా కింద కడప బండ వేశారట. స్పీకరు పెట్టెలు రెండింటినీ గదంతా తిప్పారట. ఒకరోజు ముఖం వెలిగిపోతూ వాకిట్లోకి వచ్చారు.

"తప్పు దొరికింది టీచరమ్మా! ఒక పెట్టెకు తీగలు తారుమారుగా తగిలించినాను. ఒకటి ముందుకు తోస్తే ఇంకోటి వెనక్కి లాగుతాంది. ఇంక మద్దెల యాడ నుంచి వస్తాది?"

ఆ సంతోషం వారం నిలవలేదు. మళ్ళీ వచ్చి, గొంతు తగ్గించి అడిగారు. "పెట్టెలను మన నడిమి గోడకు ఆనిస్తే బేసు ఇంకా నిండుగా వస్తాది. మీకు ఇబ్బందైతే వద్దులే."

సరేనన్నాను. ఆ సాయంత్రమే నా అలమరాలో ఎవర్‌సిల్వర్ గ్లాసులు గొణగడం మొదలుపెట్టాయి. "మీ బేసుకు మా గ్లాసులు పూనకం వచ్చినట్టు ఊగుతున్నాయి సార్" అన్నాను. మర్నాడు సైకిల్ ట్యూబు ముక్కలు కత్తిరించి పిట్టగోడ మీద పెట్టారు, గ్లాసుల కింద వేసుకోమని. అవి ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి.

గోడ దాటి పాట రాదు. మాటలు రావు, గొంతు రాదు. అడుగున ఉండే మోత ఒక్కటే వస్తుంది. "పాట పైపైన పోతే నాకు కడుపు నిండదు టీచరమ్మా" అనేవారు ఆయన. నాకు దక్కింది ఆ కడుపు నింపే భాగమే. దాన్ని వింటూనే పిల్లల పుస్తకాలు దిద్దుకున్నాను, దాన్ని వింటూనే ఒక్కదాన్నే అన్నం తిన్నాను. మూడు దెబ్బలు పడి, కాస్త ఆగి, ఇంకొక దెబ్బ పడే పాట ఒకటుండేది. అది ఎవరు పాడారో ఎప్పుడూ అడగలేదు. అది వస్తే మాత్రం ఇంట్లో ఇంకొకరు ఉన్నట్టుండేది.

ఒకసారి నాకు జ్వరం వచ్చింది. పాలామె చెప్పిందేమో, నా నిద్ర చెడుతుందని ఆయన ప్లేయరు ముట్టుకోవడం మానేశారు. జ్వరాన్నైనా ఓర్చుకున్నాను గానీ ఆ నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేకపోయాను. మంచం మీద నుంచే గోడను రెండుసార్లు తట్టాను. కాసేపటికి మూడు దెబ్బలు, ఆగి ఒకటి. ఏడ్చేశాను. అప్పటి నుంచి అదొక అలవాటైంది. రికార్డు ఒక పక్క అయిపోయాక ఇంకా వినాలనిపిస్తే తట్టేదాన్ని, ఆయన తిరగేసి పెట్టేవారు. దీని గురించి వాకిట్లో ఇద్దరమూ ఒక్క మాట కూడా అనుకోలేదు.

నిన్న ఆయన మేనల్లుడు సామాను తీసుకుపోవడానికి వచ్చాడు. మొదటిసారి ఆ గడప తొక్కాను. ప్లేయరు మీద ఒక రికార్డు అలాగే ఉంది. "పెట్టు నాయనా, ఒకసారి విందాం" అన్నాను. ఎవరో ఆడమనిషి, సన్నని గొంతు, ఎంతో బాగా పాడుతోంది. నాకేమీ తెలియని పాట. పిలవని పేరంటానికి వచ్చినట్టు నిలబడ్డాను. అడుగున మూడు దెబ్బలు పడి, ఆగి, ఇంకొకటి పడేదాకా అది నా పాటేనని గుర్తుపట్టలేదు.

"దాన్ని ఆపొద్దు" అని చెప్పి మా ఇంట్లోకి వచ్చి, గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. పాటలో గొంతు పోయింది, మాటలు పోయాయి, మోత ఒక్కటే మిగిలింది. గార్డు సారు వచ్చారు.

ఆ పక్క అయిపోయింది. నా చెయ్యి దానంతటదే లేచి గోడను రెండుసార్లు తట్టింది.

కాసేపటికి మేనల్లుడు మా గుమ్మంలోకి వచ్చాడు. "పిలిచినారా టీచరమ్మా?"

"లేదు నాయనా" అన్నాను. చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది.