బొట్టు పెట్టిన బటన్

ఇరవై ఏళ్ల కిందటి మాట. పాకాలలో ఫ్యాన్లకు వైండింగ్ చేసే పని నాది. మోకాళ్లు అరిగిన నాయన రోజూ పాల క్యాన్లతో సైకిల్ తొక్కడం చూడలేక, దానికి పాత కారు ఫ్యాన్ మోటారు, బ్యాటరీ బిగించాను. కొత్తవి కొనే స్తోమత లేదు. పాత స్కూటర్ హారన్ బటనే స్విచ్చి. నొక్కితే కదలాలి, వదిలితే ఆగాలి. మోటారుకు చోటు చాలక వెనక బ్రేకు తీసేశాను.

తొలిసారి బయలుదేరే ముందు అమ్మ హారతిచ్చి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, బటన్‌తో సహా సైకిలంతా చందనం, బొట్లు పెట్టింది. నాయన ఎక్కి బటన్ నొక్కాడు. వీధి దాటి రైలు గేటు వైపు పల్లంలోకి దిగగానే ఆయన అరుపు వినిపించింది.

"ఒరే, బటన్ ఇడిసిపెట్టినా నిలబడలేదురా!"

చందనం దిగి బటన్ లోపలే ఇరుక్కుపోయింది. గేటు పడి ఉంది. రైలు కూత దగ్గరవుతోంది. ముందు బ్రేకు పట్టినా సైకిల్ పోతూనే ఉంది. చెప్పులు వదిలేసి పరిగెత్తాను. క్యారియర్ అందగానే దాని మీదున్న బ్యాటరీ వైరు పట్టుకుని పీకేశాను. ముందు చక్రం గేటుకు తగిలి ఆగింది. మా ఎదుటే రైలు దడదడా వెళ్లిపోయింది.

నాయన దిగి వెనక చక్రం వైపు చూశాడు.

"బ్రేకు యాడరా?"

మోటారు కోసం తీసేశానని చెప్పాను.

"మీయమ్మతో అనొద్దు" అన్నాడు.

ఇంట్లో చందనం సంగతి మాత్రమే చెప్పాం. ఇప్పటికీ ఆయుధ పూజ రోజు అమ్మ చందనం గిన్నె పట్టుకుని, "యాడ పెట్టాల్నో నువ్వే సూపించప్పా" అని భయంగా అడుగుతుంది. ఈ పేజీ అచ్చయితే, బ్రేకు సంగతి ఆమెకు నేనే చదివి వినిపిస్తాను.