ఇంజనుకి పెట్టిన చీరలు

చోడవరంలో ఎవరైనా చీర అడిగితే ఆడపడుచు అడగాలి, లేదా అమ్మవారు అడగాలి. రైలింజను కోసం అడిగినవాడు డ్రైవరు పరదేశి ఒక్కడే.

సెలవు దొరికి వాల్తేరు నుంచి వచ్చి బస్సు దిగాడంటే, ఇంటికి పోకుండా గుమ్మం గుమ్మానికీ తిరిగేవాడు. "మా ఇంజనుకి ఒళ్ళంతా మసి. తుడవడానికో పాత చీర ఇప్పించండమ్మా!"

ఓసారి మంగాయమ్మ చిల్లుల చీరొకటి తెచ్చి పడేసింది. పక్కింటి అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న అచ్చియ్యమ్మ చెవులు రిక్కించింది.

"ఇదేటి వదినా?" అన్నాడు పరదేశి. "ఇందులోంచి ఇంజను మొత్తం కనిపిస్తంది!"

"ఇనప ముద్దకి సిగ్గేటయ్యా?"

"ఇనప ముద్దా! పదహారు పెట్టెలు, వెయ్యిమంది జనం. ఒక్కర్ని కింద పడేసిందా? నువ్వు నెత్తి మీద బిందె ఒక్కటి పెట్టుకుని వారానికోపాలి పడేస్తావు!"

వీధంతా గొల్లుమంది. మంగాయమ్మ విసురుగా లోపలికెళ్ళి, అంచు చెదరని నేతచీర తెచ్చి అతని మొహాన కొట్టింది. పరదేశి దాన్ని శ్రద్ధగా మడిచి చంకన పెట్టుకుని ఇటు తిరిగాడు. "అప్పా, నీ చిలకల అంచు చీర..." వరసకి అక్క అయిన పాపానికి అచ్చియ్యమ్మకి అదీ పోయింది.

యాభై ఏడులో ఆ ఇంజను పనైపోయింది. ముక్కలు చేయబోతుంటే పరదేశి ఆఫీసరు కాళ్ళావేళ్ళా పడి, కొత్తవాళ్ళకి పాఠం చెప్పడానికైనా ఉంచండని షెడ్డు మూల నిలబెట్టించాడు. అయినా చీరలడగడం మానలేదు!

"కదలని ఇంజనుకి మసేటి?" అంది వీధి. ఎవరూ పేలిక కూడా విదల్చలేదు. పరదేశి మొదటిసారి వట్టి చేతులతో బస్సెక్కాడు.

కదలని ఇంజనుకి ఇంకా చీరలెందుకో అచ్చియ్యమ్మకి మింగుడుపడలేదు. తన చిలకలతో తళతళలాడుతున్న ఆ మహారాణిని చూసి తీరాలని వాల్తేరు వెళ్ళింది.

షెడ్డు వెనక, ఇంజన్లు దులిపిన బూడిదలో కాలీకాలని బొగ్గు ఏరుకుంటున్నారు పదిమంది ఆడవాళ్ళు. మొహాలు తెలియవు గాని, చీరలన్నీ తెలిసినవే! మంగాయమ్మ నేతచీర వంగి ఏరుతోంది. ఎదురింటి నూకరత్నం పచ్చచీర తట్ట ఎత్తుతోంది. ఓ ముసలమ్మ నడుము చుట్టూ తన చిలకలు. ఒక్కతె మాత్రం గోనెపట్టా చుట్టుకుంది.

ఇంటికన్నా ఎత్తున్న ఇంజనుని పరదేశి రైల్వేవాళ్ళిచ్చిన నూలుపీచుతో తుడుస్తున్నాడు.

"ఒరే, లేనోళ్ళకని అడిగితే ఇవ్వమేటి?"

"ఇస్తారప్పా. చిల్లులవి ఇస్తారు. ఇంజనుకైతే పౌరుషానికైనా మంచివిస్తారు."

అచ్చియ్యమ్మ గోనెపట్టా చుట్టుకున్నదాని కేసి చూసింది.

"అందుకేనా దీన్ని ముక్కలు సెయ్యనివ్వలేదు?"

"సగం అందుకే."

"మరిప్పుడు ఎవరిస్తార్రా?"

పరదేశి చల్లబడిపోయిన బాయిలరు మీద చెయ్యి వేశాడు. "నా మాట ఎవరూ ఇనరు. నువ్వు సెప్పప్పా. నడిసినన్నాళ్ళూ కడుపులో నిప్పుండేది, ఇప్పుడు లేదు గదా... దానికి చలేస్తందని సెప్పు."