కృప మీది మోగబీర

శౌరమ్మది భవానీపురంలో ఓ హాస్టల్లో వంటపని. సాంబారు నోట్లో వేసుకోకుండానే, వాసన చూసి ఉప్పు తగ్గిందో లేదో చెప్పేస్తుంది. మాట కూడా ఆ సాంబారు లాగే ఘాటు. అలాంటి మనిషి ఏటా సమాధుల పండగనాడు మాత్రం పొద్దున్నుంచీ నోరు విప్పదు.

ఆమె మొదటి బిడ్డ కృపని గుణదల సమాధుల తోటలో పెట్టారు. పాకే వయసులో జ్వరమొచ్చి పోయింది. పిల్లకి స్నానం నీళ్ళలో మరిగిద్దామని వేళ్ళతో సహా పీక్కొచ్చిన మోగబీర మొక్క అలాగే మిగిలిపోతే, శౌరమ్మ దాన్ని తీసుకెళ్ళి ఆ మట్టిలోనే పాతింది. మొగుడు మరియదాసు నాటిన కొయ్య సిలువని చెదలు తినేశాయి గానీ, మొక్క మాత్రం ఏటా వానలకి చిగిర్చి ఊదారంగు పూలు పూస్తూనే ఉంది. ముప్పై ఏళ్ళుగా కృపకి ఆ పూలే గుర్తు.

ఈసారి వెళ్ళేసరికి ఆ మూలంతా బోడిగా ఉంది. శుభ్రం చేస్తామని ఎవరో మిషను పెట్టి నేలమట్టంగా కోసేశారు. మళ్ళీ వాన పడి జానెడు చిగుళ్ళు లేచాయి, చూడ్డానికి అన్నీ ఒక్కలాగే. కృప ఎక్కడుందో శౌరమ్మకి ఆనవాలు దొరకలేదు.

"ఇక్కడే ఎక్కడో ఉంటది గదక్కా, కొవ్వొత్తి వెలిగించెయ్. దేవుడికి తెలీదా ఏంటి?" అంది తోటికోడలు బుల్లెమ్మ.

"దేవుడికి తెలుసులేవే. నాకు తెలియొద్దా?"

మోకాళ్ళమీద కూర్చుని ఒక్కో కాడా వేళ్ళతో తడిమింది. మోగబీరది నాలుగు పలకల కాడ. పాడు మహావీర మొక్కకీ అంతే, వాసనా ఘాటే, ఎవరైనా మోసపోతారు. కాకపోతే దాని ఆకు పల్చన. మోగబీర ఆకు దుప్పటిలా మందం, వెనక తెల్లటి నూగు. అలా ఏరగా ఏరగా మోగబీరలు మూడు మిగిలాయి. రెండు రాలిన గింజలకి మొలిచినవై ఉండాలి. అసలు మొక్కకైతే ముప్పై ఏళ్ళ వేరుంటుంది, లాగితే రాదు.

మొదటిదాన్ని లాగింది. దారాల్లాంటి వేళ్ళతో ఊడొచ్చింది. రెండోదీ అంతే. మూడోది పట్టుకుని ఆగిపోయింది. ఇదీ వచ్చేస్తే ఇంక బిడ్డని ఎక్కడని వెతుక్కోవాలి?

కళ్ళు మూసుకుని రెండు చేతులా లాగింది. కదల్లేదు. ఇంకా గట్టిగా లాగింది. రాలేదు.

"ఉండు తల్లీ, అక్కడే ఉండు," అంటూ దాని మొదట్లో మట్టి సర్ది నొక్కింది శౌరమ్మ. కళ్ళనీళ్ళకి ఏమీ కనపడటం లేదు. బుల్లెమ్మ అగ్గిపెట్టె ఆమె చేతిలో పెట్టింది.